పోయొస్తామన్న రాజీనామా

సింగానల్లూరు గోవిందరాజ్ ఇరవై నాలుగేళ్ళు గడ్డి పెంచాడు. వాళ్ళ తాత జొన్న పెంచాడు, నాయన పత్తి పెంచాడు, ఇతను గడ్డి. అదీ నేలమీద కాదు, కంప్యూటర్లో. లోకమంతా ఆడే వీడియో గేములు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటుంది. దాని పేరు ఏడు ఇంగ్లీషు మాటల పొడుగు, చెప్పి ముగించేలోపల కాఫీ చల్లారిపోతుంది, కాబట్టి పెద్ద కంపెనీ అనే అందాం. ఆ గేముల్లో వీరులు కత్తులు దూసుకుని పరిగెత్తే మైదానాల్లో గాలికి ఊగే గడ్డి ఉంటుంది చూశారూ, అది గోవిందరాజ్‌ది.

"ఎన్ని ఎకరాలుంటుందిరా?" అని నాయన బతికున్న రోజుల్లో ఒకసారి అడిగాడు.

"రెండు లక్షల ఎకరాలుంటుంది నాయనా."

"ఒక్క ఆవన్నా మేసిందా?"

లేదన్నాడు గోవిందరాజ్. నాయన తుండు దులిపి భుజాన వేసుకుని లేచిపోయాడు. మళ్ళీ ఆ ఉద్యోగం మాట ఎత్తలేదు.

గోవిందరాజ్‌కి ఆ కంపెనీలో ఇద్దరు స్నేహితులు. రాఘవేంద్రన్ తలుపుల మనిషి. మదురై పక్క నల్లరేగడి ఊళ్ళో రెడ్డియార్ల బిడ్డ. ఇరవై రెండేళ్ళుగా గేముల్లో తలుపులు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. కిర్రుమనే తలుపు, కిర్రుమనకుండా ఊపిరి బిగబట్టి తీయాల్సిన తలుపు, తన్నితే ఊడొచ్చే తలుపు, అన్నీ అతని చేతివే. తలుపు అవతల ఏముంటుందో మాత్రం ఎవరూ అతనికి చెప్పలేదు. అది వేరే డిపార్ట్‌మెంటు.

ఇక లక్ష్మిప్రియ చావుల మనిషి. బాణం తగిలినవాడు ఎలా కూలాలి, మిద్దెమీద నుంచి పడేవాడు ఎన్ని పల్టీలు కొట్టాలి, ఇదంతా ఆమె పని. ఇరవై ఒక్క ఏళ్ళలో నాలుగు వందల పన్నెండు రకాల చావులు తయారుచేసింది. పెళ్ళిచూపుల నాడు "పాప ఏం పని చేస్తుంది?" అని వాళ్ళు అడిగితే, తల్లి "కంప్యూటర్" అని ఊరుకుంది. పెళ్ళయిన ఆరు నెలలకు మొగుడికి అసలు సంగతి తెలిసింది. ఆనాటి నుంచి ఆయన ఆమె మాటకు ఎదురుచెప్పలేదు.

ఈ ముగ్గురికీ ఒకరోజు పైనుంచి ఆర్డరొచ్చింది. అదే గేము, పదకొండో భాగం. గడ్డి ఇంకొంచెం పచ్చగా ఉండాలట. తలుపులు ఇంకొంచెం పాతగా ఉండాలట. చావులు మాత్రం పోయిన భాగంలోవే చాలట.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో పులిహోర ముందు పెట్టుకుని రాఘవేంద్రన్ ఒక మాట అన్నాడు. "మొన్న మా కృష్ణమ్మాళ్ అత్త ఇంటికి పోయింటినప్పా. బయల్దేరదామని రెండు గంటలకి లేచినా. కాఫీ తాగేసి లెయ్యమనె. తాగితి. మురుకు తినమనె. తింటి. వాకిలి దాటితే చిన్నత్త, ఆమెని దాటితే గొడ్ల కొట్టంలో మామ. ఐదు గంటల బస్సు నా కండ్ల ముందరే పాయె."

ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళలో అంత కష్టమైన గేము వాళ్ళు ఎవరూ తయారుచేయలేదు. కత్తి లేదు, తుపాకి లేదు. అత్త ఇంట్లోంచి బయటపడి ఐదు గంటల బస్సు పట్టాలి, అంతే.

"అత్తని చంపకూడదుగదా?" అని లక్ష్మిప్రియ అలవాటు కొద్దీ అడిగింది.

"కూడదు."

"అయితే నేనేం చేసేది?"

"అత్త కూచోమంటే మనిషి మళ్ళీ కూచోవాలగదా. అది నువ్వు చెయ్యి."

లక్ష్మిప్రియ పులిహోర పక్కకు నెట్టి, "చావడం కంటే అది కష్టంరా" అంది. ఆ మాటతో, ఈ గేము తామే తయారుచేద్దామని, ముగ్గురూ రాజీనామా చేయాలని నిశ్చయించారు.

ఉత్తరం రాయడం గోవిందరాజ్ వంతు. ఇంగ్లీషులో మూడు పేరాలు దివ్యంగా రాశాడు. కడాపట ఏమని ముగించాలన్న దగ్గర చెయ్యి ఆగింది. "మేము పోతున్నాము" అని రాయాలి. రాయలేకపోయాడు.

ఎందుకంటారా? తెలుగు ఇంటి గడప దాటేవాడు ఎవడైనా "పోతున్నా" అంటాడా? పోయేది ప్రాణం. మనిషి పోయొస్తాడు. చుట్టూ అరవం మాట్లాడే సింగానల్లూరులో ఈ పట్టింపు మరీ ఎక్కువ, గోవిందరాజ్ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ. దానికి కారణం వాళ్ళ చిన్నాయన కృష్ణరాజ్. ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఆయన బీగం, అంటే తాళంకప్ప, కొనడానికి దిండిగల్లు బయల్దేరాడు. బస్సుకు టైమైపోతోందన్న తొందరలో గడపమీద నిలబడి, "పోతున్నా వదినా!" అనేశాడు. గోవిందరాజ్ అమ్మ రామక్కాళ్ చేతిలో చెంబు జారిపడింది. దిండిగల్లులో ఆయన బీగం కొన్నాడు. దానికి ఇంకో తాళంచెవి కోయించుకునేలోపల ఆకలేసి ఒక బిరియాని కొట్లో కూర్చున్నాడు. ఆ బిరియాని రుచి ఎలాంటిదో గాని, రెండో ఆకు తిని, మూడో ఆకు తిని, చివరికి ఆ కొట్లోనే పనికి కుదిరి, దాని పక్కనే సొంత కొట్టు పెట్టి, అక్కడే ఉండిపోయాడు. గుండ్రాయిలా ఉన్నాడు. కానీ ఎవరడిగినా రామక్కాళ్ "వాడు పోయినాడు" అంటుంది. విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఒకసారి ఆయనే ఫోన్ చేసి, "వదినా, నేను బాగుండానే!" అంటే, "పోయినోళ్ళు ఫోన్లో మాట్లాడకూడదు నాయనా" అని పెట్టేసింది.

అటువంటి ఇంట్లో పుట్టినవాడు "పోతున్నాము" అని ఎలా రాస్తాడు? అందుకని గోవిందరాజ్ మర్యాదగా, మంగళంగా, ఇంగ్లీషులోనే, "మేము పోయి వస్తాము సార్" అని ముగించాడు. ముగ్గురూ సంతకాలు చేశారు. అందులో తప్పుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

గోవిందరాజ్ నాయన పత్తి మానుకున్నాక నడిపిన పంపుసెట్టు వర్క్‌షాపు సింగానల్లూరులో ఇంటి పక్కనే మూతబడి ఉంది. రాగితీగలు, గ్రీజు డబ్బాలు ఒక మూలకు నెట్టి, మూడు కంప్యూటర్లు పెట్టారు. ఎనిమిది నెలలు పనిచేశారు. గోవిందరాజ్ అత్త ఇంటి ముందర రెండు సెంట్ల గడ్డి వేశాడు. జీవితంలో మొదటిసారి ఒక ఆవును తెచ్చి దానిలో కట్టాడు. ఆవు మేసింది. ఆ రోజు అతని కంట్లో నీళ్ళు తిరిగాయి, గ్రీజు వాసనకని చెప్పాడు. రాఘవేంద్రన్ పద్నాలుగు తలుపులు పెట్టాడు, ప్రతి తలుపు వెనకా ఏముందో ఈసారి అతనికే తెలుసు. ఒక చుట్టం. ఇంకొక్క నెలలో గేము లోకంలోకి రావాలి.

అప్పుడొచ్చింది పెద్ద కంపెనీ ఉత్తరం.

"మీరు పోయి వస్తామని రాశారు. వస్తామన్నారు కాబట్టి మీరు రాజీనామా చేయలేదు, సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్న ఉద్యోగి తయారుచేసినది కంపెనీదే. గేమును మా అధికారికి అప్పగించండి. కాదు, నిజంగానే వెళ్ళిపోయామంటారా, మీలో పెద్దవారు ఆ అధికారి ఎదుట, మాతృభాషలో, స్పష్టంగా, 'నేను పోతున్నాను' అని ఒక్కసారి చెప్పాలి."

మాతృభాషలోనే ఎందుకంటే, ఏదో దేశంలో ఒకాయన నాకు ఇంగ్లీషు అర్థంకాక సంతకం పెట్టానని కేసు వేసి గెలిచాడట. అప్పటి నుంచి అది రూలు.

"ఒక్క మాటే కదప్పా," అన్నాడు రాఘవేంద్రన్. "చెప్పేస్తే గేము మనది."

"నువ్వు చెప్పు."

"పెద్దోళ్ళు చెప్పాలని రాసుండారే. నాకు నువ్వే పెద్దోడివి." నాలుగు నెలల తేడాకి జీవితంలో మొదటిసారి ఇచ్చిన మర్యాద అది.

రామక్కాళ్‌కి ఎనభై రెండేళ్ళు. సంగతి విని, "ఆ మాట నీ నోట వచ్చిందా, నా కాళ్ళు ఈ ఇంట్లో నిలవవు" అంది. ఎక్కడికి పోతావని అడగడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ మాటలోనూ 'పో' ఉంది మరి.

ఇంట్లో కుదరదని గోవిందరాజ్ గాంధీపురం బస్టాండుకు వెళ్ళాడు. ఊరంతా ఎక్కడికో అక్కడికి బయల్దేరే తావు, అక్కడైతే నోరు తిరుగుతుందని. ఒక స్తంభం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, "నేను... పో... పో..." అన్నాడు.

"పొల్లాచ్చియా? ఏరుంగ, ఏరుంగ!" అని కండక్టరు రెక్క పట్టుకుని బస్సెక్కించాడు.

దిగుతానంటే వినే జనమా అది? వెనకనుంచి నలభైమంది తోశారు. గోవిందరాజ్ పొల్లాచ్చి వెళ్ళి, ఒక ఇళనీరు బోండాం తాగి, తిరుగు బస్సులో వచ్చాడు. ఆ మాట మాత్రం రాలేదు.

గురువారం పదింటికి అధికారి వచ్చింది. ముప్పై ఏళ్ళుండవు. పేరు నిత్య, హైదరాబాదు ఆఫీసు నుంచి విమానంలో దిగింది. మూడు గంటలకు తిరుగు విమానం. సంచీలోంచి రికార్డర్ తీసి బల్లమీద పెట్టి మీట నొక్కింది.

"ఒక్క నిమిషం పని సర్. 'నేను పోతున్నాను' అనండి చాలు. గేమ్ మీదే, నేను రిపోర్ట్ పెట్టేస్తాను."

వర్క్‌షాపు వాకిట్లో రామక్కాళ్ నిలబడి ఉంది. చేతిలో గరిటె. కొడుకు నోటి వైపే చూస్తూ ఉంది.

గోవిందరాజ్ గొంతు సవరించుకున్నాడు. "నేను... పో..."

"ఆఁ, చెప్పండి."

"పో... పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"సర్, ఇంకోసారి."

"నేను పో... పో... పోపు మాడుతుండాది చూడమ్మా!"

రామక్కాళ్ కదల్లేదు. పోపు ఆమె పెట్టనే లేదు. రాఘవేంద్రన్ పైకప్పు రేకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడోసారి గోవిందరాజ్ నోరు తెరిచాడుగాని, గాలి తప్ప ఏమీ రాలేదు.

"అయితే గేమ్ తీసుకెళ్ళాలి సర్," అంది నిత్య. గొంతులో కొంచెం బాధే ఉంది. "రూల్ ప్రకారం నేనొకసారి చివరిదాకా ఆడి, పనిచేస్తోందో లేదో చూడాలి."

కూర్చుంది. పావుగంట అనుకుంది. కృష్ణమ్మాళ్ అత్త కాఫీ ఇచ్చింది, వద్దంటే అత్త మొగం చిన్నబుచ్చుకుంది, తాగింది. మొదటి తలుపు దాటింది. రెండో తలుపు దగ్గర చిన్నత్త, "ఏమ్మా, మా ఇంటి గడప తొక్కవా?" అంది. పన్నెండయింది. నాలుగో తలుపు దగ్గర పెళ్ళి ఆల్బం. మూడు వందల ఫొటోలు, మధ్యలో పేజీలు దాటేస్తే అత్త మళ్ళీ మొదటి నుంచి చూపిస్తుంది. ఒంటిగంటయింది. నిత్య గడియారం చూసి, గేము ఆపేయాలని మీట వెతికింది. ఎక్కడా లేదు.

"ఆపేది ఎక్కడ సర్?"

"ఆపేసి రావడమే కదమ్మా గేము," అన్నాడు రాఘవేంద్రన్ వినయంగా.

ఆమె ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. గోవిందరాజ్ వైపు చూడకుండా, గేము ఉన్న పెట్టెను వైర్లూడదీసి సంచీలో పెట్టుకుంది. ఎనిమిది నెలల పని, పద్నాలుగు తలుపులు, మేసిన ఆవు, అన్నీ ఒక గోంగూర కట్టంత సంచీలోకి వెళ్ళాయి.

"తినేసి పోయిరా కణ్ణు," అంది రామక్కాళ్, కూతుర్ని పిలిచినట్టు.

"లేదమ్మా, ఫ్లైట్..."

"ఆకు వేసేసినా."

వేసిన ఆకును వదిలి లేచే ఆడపిల్ల హైదరాబాదులోనూ పుట్టలేదు. సాంబారయ్యాక రసం, రసమయ్యాక మజ్జిగ. "ఇంకొంచెం" అంటే "చాలు" అనడం, "చాలు" అంటే ఇంకొంచెం పడటం. రెండున్నరైంది. గోవిందరాజ్ అన్నం కెలుకుతూ ఆ సంచీనే చూస్తున్నాడు. తన నోటిని తనే తిట్టుకుంటున్నాడు. నాలుగక్షరాలు. పొల్లాచ్చి అన్నా పలుకుతుందిగాని అది పలకదే!

నిత్య చెయ్యి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, గడప దగ్గర చెప్పులేసుకుంది. వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించింది.

"వస్తానండీ."

"మంచిది, రా కణ్ణు," అంది రామక్కాళ్.

"ఆగు!"

లక్ష్మిప్రియ. బాణం తగిలిన మనిషి ఏ క్షణంలో కూలుతాడో ఇరవై ఒక్క ఏళ్ళు చూసిన కన్ను అది, క్షణాన్ని వదలదు. గడప దాకా వచ్చి నిలబడింది.

"ఏమన్నావు పాపా?"

"వస్తానన్నాను మేడం."

"ఎప్పుడొస్తావు?"

నిత్యకు అర్థం కాలేదు. "వస్తానంటే... అంటే రావడం కాదు. వెళ్తున్నానని."

"అట్లనా. మేమూ అదేకదా రాసింది."

వర్క్‌షాపులో బల్లమీద రికార్డర్ ఎర్రదీపం ఇంకా వెలుగుతూ ఉంది. పొద్దున్నుంచి ఎవరూ దాన్ని ఆపలేదు.

"అది కాదు, మీ కంపెనీ అర్థమే సరి అంటావా," అని లక్ష్మిప్రియ మెల్లగా, చచ్చేవాణ్ణి ఒక్కో మెట్టూ దించినట్టు మాట దించింది, "మమ్మల్ని చూసి వస్తానన్నావు. అంటే నువ్వు మా స్టాఫ్‌వి. ఇప్పుడు సెలవులో పోతుండావు. సెలవులో ఉండేవాళ్ళ సంచీలో ఏముంటే అది మాది. పెట్టెని ఆ బల్లమీద పెట్టి, సెలవు చీటీ రాసిచ్చేసి పోయిరా."

నిత్య చెప్పులు విప్పింది. లోపలికి వచ్చి మళ్ళీ కూర్చుంది. ముందు నవ్వింది, తర్వాత నుదురు పట్టుకుంది, తర్వాత సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి రిపోర్టు రాయసాగింది. గోవిందరాజ్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. "తెలుగువారు వస్తాను అంటే వెళ్తున్నారని అర్థం. సాక్ష్యం జతచేయడమైనది." పంపే మీట మీద వేలుపెట్టి ఆమె ఆగింది.

"అమ్మా, మరి నిజంగా వెళ్ళిపోయేవాళ్ళు ఏమంటారు?"

"నిజంగా పోయేవాళ్ళు ఏమీ అనరు కణ్ణు," అంది రామక్కాళ్, ఆకులు ఎత్తుతూ.

నిత్య మీట నొక్కింది.

ఇక్కడితో అయిపోయేదే. కానీ పెద్ద కంపెనీలో రిపోర్టులు చదివేది మనిషి కాదు, ఒక యంత్రం. దాని పని ఏమిటంటే, ఏ రూలు వచ్చినా ఆ క్షణం నుంచే అన్ని ఆఫీసుల్లోనూ అమలు చేయడం. హైదరాబాదులో పొద్దు వాలాక జనం ఇళ్ళకు బయల్దేరారు. గేటు దగ్గర హాజరు యంత్రం ముందు ఒకడు "వస్తా బ్రో" అన్నాడు. వాడి రాజీనామా ఆమోదించింది. "రేపొస్తా" అన్నవాడిదీ ఆమోదించింది. "వెళ్ళొస్తానే" అని స్నేహితురాలికి చెప్పిన అమ్మాయిదీ, ఆ స్నేహితురాలు "సరే, నేనూ వస్తా ఆగు" అంటే ఆమెదీ. ఆరున్నరకి మూడు వందల పదకొండుమంది ఫ్రీ. గేటు దగ్గర మిగిలింది వాచ్‌మన్ ఒక్కడేనట. అతనికి నైట్ డ్యూటీ, ఎవరికీ వస్తానని చెప్పాల్సిన పనిలేదు.

ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అంతకుముందే, విమానం తప్పిపోయిన నిత్య మళ్ళీ వైర్లు తగిలించి, ఐదో తలుపు దగ్గర మామతో వానల గురించి మాట్లాడుతుండగానే, వర్క్‌షాపులో నాలుగు ఫోన్లు ఒక్కసారి మోగాయి. నిత్య తన ఫోను చూసింది.

"నన్ను తీసేశారు," అంది. "రికార్డులో మొదట 'వస్తాను' అన్నది నేనేనట."

"అయ్యో!" అన్నాడు రాఘవేంద్రన్, మొగంలో సంతోషం దాచుకోలేక.

"అయ్యో ఏంటి, ఆగండి, ఈ మామ ఇప్పుడు పొలం చూపిస్తానంటున్నాడు. సరే అనాలా వద్దా?"

గోవిందరాజ్ తన ఫోను తెరిచాడు. మొదటి వరుస పైకి చదివాడు. "గోవిందరాజ్ గారూ, మీ కడపటి దినం: నేడు."

రామక్కాళ్ చేతిలోని ఆకులన్నీ కిందపడ్డాయి.

"ఎవుడురా వాడు? నా కొడుక్కి కడపటి దినం రాసినోడు ఎవుడు?"

"అమ్మా, అది ఉద్యోగానికి..."

"నోరు మూసుకో! కూచో అక్కడ! ఆ పిల్లకీ రాసినారా? ఆ పిల్లనీ కూచోపెట్టు! నలుగురూ తూర్పు తిరిగి కూచోండి!"

ఉప్పు వచ్చింది, ఎండుమిరపకాయలు వచ్చాయి. గుప్పిట బిగించి నలుగురి తలల చుట్టూ మూడుసార్లు తిప్పి, పాత పంపుసెట్టు మూతలో నిప్పులు పోసి, దానిలో వేసింది. రేకుల షెడ్డు. కిటికీ ఒకటే, అదీ తుప్పుపట్టి తెరుచుకోదు. పొగ కంప్యూటర్ల మీదుగా మేఘంలా లేచింది. నిత్య దగ్గుతూ బల్ల పట్టుకుంది. రాఘవేంద్రన్ దగ్గుతూ తలుపు కోసం తడుముకుంటూ, ఇరవై రెండేళ్ళ అనుభవంతో గోడను తోశాడు. లక్ష్మిప్రియ నేలమీద కూలబడింది.

గోవిందరాజ్ కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి. ఫోను మొహానికి ఆనించుకుని రెండో వరుస చదివాడు. మీ ఉత్తరం రాజీనామాయేనని ఒప్పుకున్నాము, అది రాసిన నాటి నుంచి చేసినదంతా మీదే, కంపెనీకి దానిమీద ఏ హక్కూ లేదు. ఆ మాట అందరికీ చెప్పాలని నోరు తెరిచాడు. దగ్గే వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ దగ్గే. చేతులూపి, ఫోను చూపించి, గెంతాడు.

రామక్కాళ్ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ, నిప్పుల మీదికి వంగి వాసన చూసింది.

"కొంచెమైనా ఘాటు లేదే!" అంది. "నా బిడ్డలకి ఎంత దిష్టి తగిలిందో చూడండి!"

ఇంకో గుప్పెడు మిరపకాయలు వేసింది.